ఏశావు పరుగు, యోసేపు పరీక్ష

మా నాన్న, పెదనాన్న తొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు. పంపకాల దగ్గర వచ్చిన తగాదా. ఎకరంన్నర పొలం, దాని గట్టు మీద నాలుగు తాడిచెట్లు. ఆ తొమ్మిదేళ్లలో మా ఇంటికి ప్రార్థనకు వచ్చిన పాస్టరుగార్లు, పెళ్లిళ్లలో కలిసిన చుట్టాలు అందరిదీ ఒకటే మాట. "క్షమించేసి కలిసిపోండయ్యా. ఏశావు యాకోబులు కలవలేదా? యోసేపు అన్నల్ని క్షమించలేదా?" నాన్న తల దించుకుని వినేవాడు. వాళ్లు వెళ్లాక అమ్మతో అనేవాడు, "క్షమించానే. దేవుడి సాక్షిగా అన్నయ్య మీద నాకు కోపం లేదు. కానీ ఆ గుమ్మం ఎక్కి కూర్చోవడం మాత్రం నావల్ల కావట్లేదు."

చిన్నప్పుడు నాకది సాకులా అనిపించేది. పెద్దయ్యాక బైబిల్లో మొదటి పుస్తకమైన ఆదికాండం నిదానంగా, ఒక్కో అధ్యాయం దగ్గర ఆగి చదివితే తెలిసింది. నాన్న చెప్పింది ఆ కథల్లో ఉన్నదే. "క్షమించి కలిసిపో" అని మనం ఒక్క ఊపిరిలో అనేస్తాం. ఆదికాండం మాత్రం వాటిని రెండు పనులుగానే చూపిస్తుంది. క్షమించడం ఒక్కడి గుండెలో జరగొచ్చు. సమాధానపడటానికి ఇద్దరూ కావాలి. అందులో తప్పు చేసినవాడు చేయాల్సిన పని ఒకటి, నష్టపోయినవాడు చేయాల్సిన పని ఇంకొకటి ఉంటాయి. ఈ తేడా చెరిపేసి చదివితే ఆ కథలు దెబ్బతిన్నవాడి మీద బరువు మోపే కథలైపోతాయి.

ఆదికాండం మొత్తం అన్నదమ్ముల పుస్తకమే. మొదట్లోనే కయీను తమ్ముణ్ణి పొలంలో చంపేస్తాడు. ఇష్మాయేలు ఇస్సాకులు విడిపోయి, తండ్రి అబ్రాహామును పాతిపెట్టడానికి మళ్లీ ఒకచోట నిలబడతారు. తర్వాత ఏశావు యాకోబులు, ఆ తర్వాత యోసేపూ అతని అన్నలూ. మొదటి రెండు కథల సంగతి వదిలేసి, మనవాళ్లు తరచూ ఎత్తి చూపించే చివరి రెండు కథల్నే దగ్గరగా చూద్దాం.

ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి

యాకోబు అన్నను రెండుసార్లు దెబ్బకొట్టాడు. మొదటిది బేరం. పొలం నుంచి ఆకలితో సోలిపోయి వచ్చిన ఏశావుకు వంటకం పెట్టి జ్యేష్ఠత్వం రాయించుకున్నాడు. మన తెలుగు బైబిల్లో అది చిక్కుడుకాయల వంటకం. హీబ్రూ మాటకు అర్థం పప్పు, అదీ ఎర్రగా ఉడికిన మసూరి లాంటి పప్పు. అక్కడ తప్పు ఏశావుదీ ఉంది, తన హక్కును అంత తేలిగ్గా వదిలేశాడు. రెండోది పచ్చి మోసం. చూపు మందగించిన తండ్రి దగ్గరికి అన్న బట్టలు వేసుకుని, చేతులకు మేకపిల్లల తోలు చుట్టుకుని వెళ్లాడు. "ఎవరు నువ్వు?" అని ఇస్సాకు అడిగితే "నేను ఏశావును" అన్నాడు. దీవెన ఎత్తుకుపోయాడు. ఆ దీవెనలో ఏముందో గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది: నీ సహోదరులకు నువ్వు ఏలికవై ఉంటావు, నీ తల్లి కొడుకులు నీకు సాగిలపడతారు.

ఏశావు వచ్చి సంగతి తెలుసుకుని పెట్టిన కేక ఆ అధ్యాయంలోనే గుండెను పిండేసే చోటు. "నన్ను కూడా దీవించు నాన్నా" అని ఏడుస్తాడు. "నీ దగ్గర ఒక్క దీవెనే ఉందా?" అంటాడు. అప్పటిదాకా మోటుగా, తిండిపోతులా కనిపించిన మనిషి ఒక్కసారిగా మన ఇంటి పిల్లాడైపోతాడు. తండ్రి పోయాక తమ్ముణ్ణి చంపేస్తానని అతను మనసులో అనుకోవడం మనకు నచ్చకపోవచ్చు, కానీ ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది.

రిబ్కా చిన్న కొడుకును తన అన్న లాబాను ఇంటికి పంపేస్తూ, కొన్నాళ్లు అక్కడే ఉండు, మీ అన్న కోపం చల్లారాక కబురు పంపి పిలిపిస్తాను అంటుంది. ఆ కొన్నాళ్లు 20 ఏళ్లయ్యాయి. కబురు వెళ్లినట్టు ఎక్కడా లేదు. తల్లి మళ్లీ ఆ కొడుకు మొహం చూసినట్టు కూడా లేదు. మోసానికి తోడుపడిన తల్లికి పడిన శిక్ష ఏమిటో రచయిత విడమరచి చెప్పలేదు. మౌనంగా ఉండిపోయాడంతే.

ఇప్పుడు 32వ అధ్యాయం. భార్యలు, పిల్లలు, మందలతో యాకోబు తిరిగొస్తున్నాడు. అన్నకు కబురు పంపాడు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చి, మీ అన్న ఎదురొస్తున్నాడు, వెంట 400 మంది ఉన్నారు అన్నారు. ఆ 400 మంది ఎందుకొస్తున్నారో వాక్యం చెప్పదు. కాపలాకా, కొట్టడానికా? యాకోబు టెన్షన్ ఎంతదంటే, ఒక గుంపును కొడితే రెండోదైనా తప్పించుకుంటుందని ఉన్నవాళ్లందర్నీ రెండు గుంపులు చేసేశాడు. ప్రార్థన చేశాడు. తర్వాత కానుక ఏర్పాటు చేశాడు. లెక్క రాసే ఉంది: 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొర్రెలు, 20 పొట్టేళ్లు, 30 పాడి ఒంటెలు వాటి పిల్లలతో, 40 ఆవులు, 10 ఆబోతులు, 20 ఆడ గాడిదలు, 10 గాడిద పిల్లలు. ఒంటె పిల్లల్ని వదిలేసినా 550 పశువులు. అన్నిటినీ ఒకేసారి పంపలేదు. మందకూ మందకూ మధ్య ఎడం పెట్టించాడు. ప్రతి కాపరికీ ఒకటే మాట నేర్పాడు: "ఇవి నీ దాసుడైన యాకోబువి, నా ప్రభువైన ఏశావుకు కానుక, అతను మా వెనకే వస్తున్నాడు."

ఇది లంచమా, పశ్చాత్తాపమా? రెండూ కలిసే ఉన్నాయని నా అభిప్రాయం. భయపడ్డవాడు చేసే పనీ, తప్పు తెలిసినవాడు చేసే పనీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. కానీ యాకోబు తనలో తాను అనుకున్న మాట హీబ్రూలో ఎలా ఉందో చూస్తే లోపలి సంగతి కాస్త తెలుస్తుంది. దాదాపు మాటకు మాటగా చెప్తే ఇలా ఉంటుంది: నాకు ముందుగా వెళ్లే ఈ కానుకతో అతని ముఖాన్ని కప్పుతాను, ఆ తర్వాత అతని ముఖం చూస్తాను, అతను నా ముఖాన్ని ఎత్తుతాడేమో. ఒక్క వాక్యంలో ఎన్ని ముఖాలో! మన భాషలో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. "ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి" అని మనమూ అంటాం. యాకోబు బాధ సరిగ్గా అదే.

ఆ వాక్యంలోని "కప్పడం" అనే క్రియ నుంచే ప్రాయశ్చిత్తానికి హీబ్రూ మాట వచ్చింది. యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ పేరులో ఉన్నది అదే ధాతువు. ఇక "ఎత్తడం" అనే క్రియ, నాసా. ఎత్తడం, మోయడం అని దాని అర్థం. క్షమించడం అనడానికి కూడా హీబ్రూలో ఇదే వాడతారు. కయీను కథలో దేవుడు, నీవు సత్క్రియ చేసినయెడల తలనెత్తుకొనవా అని అడిగిన చోటా ఇదే. నా దోషశిక్ష భరించలేనంత గొప్పది అని కయీను అన్నచోటా ఇదే. అంటే ఈ పుస్తకంలో క్షమించడం అంటే ఎదుటివాడి తల పైకెత్తడం, లేదా వాడి తప్పు బరువును మోయడం. పోనీలే అని వదిలేయడం అనే అర్థం ఆ మాటలో లేనే లేదు.

ఆ రాత్రి యబ్బోకు రేవు దగ్గర అందర్నీ దాటించి యాకోబు ఒంటరిగా మిగిలిపోయాడు. తెల్లవారేదాకా ఎవరో అతనితో పెనుగులాడారు. దీవించితే గాని వదలనని పట్టుకుంటే, ఆ పెనుగులాడినవాడు అడిగిన ప్రశ్న: "నీ పేరేమిటి?" వెనకటిసారి దీవెన కోసం వెళ్లినప్పుడు తండ్రి అడిగిన ప్రశ్న కూడా దాదాపు ఇదే. అప్పుడు ఏశావునన్నాడు. ఇప్పుడు "యాకోబును" అన్నాడు. యాకోబు అంటే మడమ పట్టుకునేవాడు, మోసగాడు అని అర్థం. ఆ పేరు యాకోబుకు సరిగ్గానే సరిపోయింది, నన్ను రెండుసార్లు మోసం చేశాడు అని ఏడ్చినవాడు ఏశావే కదా. కాబట్టి తన పేరు తాను ఒప్పుకోవడమే అక్కడ ఒప్పుకోలు. అన్నను కలవడానికి ముందు రాత్రి అది జరిగింది. తెల్లారేసరికి తొడ గూడు తప్పి కుంటుతున్నాడు. ఆ చోటికి పెనూయేలు అని పేరు పెట్టాడు, దేవుని ముఖం అని అర్థం.

పొద్దున్నే అన్న కనిపించాడు. యాకోబు భార్యాపిల్లల కంటే ముందుకెళ్లి, ఏడుసార్లు నేలమీద సాగిలపడుతూ దగ్గరికి వెళ్లాడు. ఎవరు ఎవరికి సాగిలపడాలని దీవెనలో ఉందో గుర్తుందిగా. దొంగిలించిన దీవెన అన్న తనకు మొక్కుతాడంది. ఇక్కడ మొక్కుతున్నది దొంగిలించినవాడు.

ఏశావు ఆ మొక్కులన్నీ పూర్తయ్యేదాకా ఆగాడో లేదో తెలీదు. పరుగెత్తుకొచ్చాడు. కౌగిలించుకున్నాడు. మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు.

యూదుల ప్రతుల్లో ఆ "ముద్దుపెట్టుకున్నాడు" అనే మాటలోని అక్షరాల మీద చుక్కలుంటాయి. ఎందుకున్నాయని వాళ్ల పండితులు వందల ఏళ్లు వాదించుకున్నారు. ముద్దు పెట్టుకోలేదు, కొరకబోయాడు అన్నవాళ్లున్నారు, హీబ్రూలో ఆ రెండు మాటలూ దగ్గరదగ్గరగా వినిపిస్తాయి. రెండో శతాబ్దపు రబ్బీ షిమోన్ బర్ యోహాయ్ మాత్రం, ఏశావు యాకోబును ద్వేషించేవాడే అయినా ఆ క్షణంలో జాలి పొంగి నిండు మనసుతో ముద్దుపెట్టుకున్నాడు అన్నాడు. నా మనసు ఆయన వైపే. నిండు మనసుతో పెట్టిన ఒక్క ముద్దు వెనకటి ఇరవయ్యేళ్లను చెరపకపోవచ్చు. అయినా అది అబద్ధం కాదు.

ఏశావు నోట "క్షమించాను" అనే మాట లేదు. పాత సంగతే ఎత్తలేదు. ఈ మందలన్నీ దేనికని అడిగి, "తమ్ముడూ, నాకు కావలసినంత ఉంది, నీది నువ్వే ఉంచుకో" అన్నాడు. యాకోబు మాటిమాటికీ ప్రభువా, దాసుణ్ణి అంటుంటే ఏశావు తమ్ముడనే పిలిచాడు. అప్పుడు యాకోబు రెండు మాటలన్నాడు. నీ ముఖం చూస్తే దేవుని ముఖం చూసినట్టుంది అన్నది మొదటిది, రాత్రి పెనూయేలు దాటొచ్చినవాడికే వచ్చే మాట. రెండోది, కానుక తీసుకోమని బతిమాలుతూ అన్నది. అప్పటిదాకా కానుక అని వస్తున్న మాట ఇక్కడ హీబ్రూలో మారిపోతుంది. "నా దీవెన తీసుకో" అంటాడు. చాలా అనువాదాల్లో ఇక్కడా కానుకే కనిపిస్తుంది, అందుకే మనం గమనించం. పట్టుకుపోయిన దాన్ని పేరు పెట్టి తిరిగిస్తున్నాడు. ఏశావు తీసుకున్నాడు. తీసుకోవడం కూడా పెద్ద మనసే. తప్పు చేసినవాణ్ణి తిరిగి ఇవ్వనివ్వడం కంటే వాడికి ఎక్కువ మేలు చేసేది లేదు.

ఇక్కడితో కథ ఆపేసి ఆమేన్ అనేస్తారు చాలామంది. అసలు చిక్కు తర్వాతి ఆరు వచనాల్లో ఉంది. పద కలిసి వెళ్దాం అంటాడు ఏశావు. యాకోబు, పిల్లలు పసివాళ్లు, పాలిచ్చే పశువులున్నాయి, నువ్వు ముందు వెళ్లు, నేను మెల్లగా నువ్వుండే శేయీరుకు వస్తాను అంటాడు. పోనీ నా మనుషుల్ని కొందర్ని తోడుంచుతానంటే అదీ వద్దంటాడు. ఏశావు శేయీరుకు వెళ్లాడు. యాకోబు సుక్కోతుకు వెళ్లి ఇల్లు కట్టుకున్నాడు. శేయీరుకు వెళ్లినట్టు ఎక్కడా లేదు.

యాకోబు మళ్లీ అబద్ధం ఆడాడా? ఆడాడనే అనుకుంటాను. ఆ అబద్ధాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఎవరి దారిన వాళ్లు బతకడాన్ని వాక్యం ఎక్కడా పాపంగా చెప్పలేదు. 36వ అధ్యాయంలో ఇద్దరి ఆస్తీ పెరిగి ఒకే దేశం ఇద్దర్నీ మోయలేకపోయిందని, అందుకే ఏశావు వేరే దేశానికి వెళ్లాడని మామూలు సంగతిలాగే రాసి ఉంది. అక్కడ "మోయడం" అన్నా అదే క్రియ, నాసా. అన్నదమ్ములు ఒకరినొకరు మోయగలిగారు, నేల మోయలేకపోయింది. వాళ్లు మళ్లీ కలిసింది హెబ్రోనులో, తండ్రి చనిపోయినప్పుడు. తండ్రి చచ్చాక చంపుతానన్న రోజది. ఆ రోజున అతని కొడుకులైన ఏశావు యాకోబులు అతన్ని పాతిపెట్టారని ఒక్క వాక్యం. ఏశావు పేరే ముందుంది, పెద్దకొడుకుగా.

మా తాత పోయినప్పుడు నాన్న, పెదనాన్న శవపేటికకు చెరో వైపు పట్టారు. దించాక పెదనాన్న తన తువ్వాలు తీసి నాన్న భుజం మీదున్న మట్టి దులిపాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత పండగలకు వచ్చిపోవడం మొదలైంది, పొలం మాత్రం ఎవరిది వాళ్లదే. ఇది సగం సమాధానమని మా చుట్టాలు కొందరు అనేవారు. ఆదికాండం చదివాక నేనలా అనలేను.

దాహం తీర్చని గొయ్యి

యోసేపు కథ వేరు. అక్కడ తప్పు ఇంకా పెద్దది, కలయిక ఇంకా లోతైనది. అందుకే దారి కూడా పొడుగు.

17 ఏళ్ల పిల్లాడు. తండ్రి యాకోబు ముద్దు చేసి ప్రత్యేకమైన అంగీ కుట్టించాడు. అన్నలకు అతనితో శాంతంగా నాలుగు మాటలు మాట్లాడటం కూడా చేతకాలేదని 37వ అధ్యాయంలో ఉంది. ఈ మాట పట్టుకోండి. షెకెము వైపు మందలు మేపడానికి వెళ్లిన అన్నల క్షేమం కనుక్కు రమ్మని తండ్రి పంపితే, వెతుక్కుంటూ దోతాను దాకా వెళ్లాడు. అంగీ ఊడదీసి గోతిలో పడేశారు. గొయ్యి ఖాళీది, నీళ్లు లేవు. వాళ్లు భోజనానికి కూర్చున్నారు. తమ్ముణ్ణి చంపితే లాభమేముంది, అమ్మేద్దాం అన్నవాడు యూదా. 20 తులాల వెండికి అమ్మేశారు. మేక రక్తంలో అంగీ ముంచి తండ్రికి చూపించారు. మేక తోలుతో తండ్రిని మోసం చేసిన యాకోబు మేక రక్తంతో మోసపోయాడు.

గోతిలోంచి ఆ పిల్లాడు ఏమన్నాడు? 37వ అధ్యాయంలో ఒక్క మాట లేదు. యోసేపు అక్కడ మూగవాడు. ఏళ్లు గడిచాయి. యోసేపు ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిస అయ్యాడు, జైల్లో పడ్డాడు, 30 ఏళ్లకు ఫరో ముందు నిలబడి దేశానికి అధికారి అయ్యాడు. పెద్ద కొడుక్కి మనష్షే అని పేరు పెట్టాడు, నా బాధనీ నా తండ్రి ఇంటినీ దేవుడు మరిచిపోయేలా చేశాడు అని. మరిచిపోయాననుకున్నాడు. ఏడేళ్ల పంట అయిపోయి కరవు మొదలయ్యాక, ధాన్యం కోసం పదిమంది అన్నలు వచ్చి అతని ముందు నేలకు తలలు ఆనించారు. చూడగానే అన్నీ గుర్తొచ్చాయి. మరిచిపోవడమే క్షమించడమని చెప్పేవాళ్లు ఈ చోట కాసేపు ఆగాలి. మరుపు యోసేపును అన్నల దాకా తీసుకురాలేదు.

గూఢచారులని నిందవేసి మూడు రోజులు కావల్లో పెట్టాడు. అప్పుడు అన్నలు తమలో తాము అనుకున్నారు: "మన తమ్ముడు బతిమాలుకుంటే, వాడి ప్రాణ వేదన చూసి కూడా మనం వినలేదు. అందుకే ఈ కష్టం వచ్చింది." మధ్యలో దుబాసీ ఉన్నాడు కాబట్టి ఎదురుగా ఉన్న అధికారికి తమ భాష రాదనుకున్నారు. యోసేపుకు ప్రతి మాటా అర్థమైంది. పక్కకు వెళ్లి ఏడ్చాడు.

ఆ పిల్లాడు గోతిలోంచి బతిమాలాడన్న సంగతి పాఠకుడికి తెలిసేది ఇక్కడే, అదీ అన్నల నోట. వాళ్ల చెవుల్లో ఆ కేక ఇరవై ఏళ్లకు పైగా మోగుతూనే ఉందన్నమాట. నా మాట ఎవరూ వినలేదు అనుకున్నవాడికి, విన్నారు, మరిచిపోలేదు అని మొదటిసారి తెలిసింది. యోసేపు తర్వాత చాలాసార్లు ఏడుస్తాడు. నాకు అన్నిటికంటే పెద్దదిగా అనిపించేది ఈ మొదటి ఏడుపే.

అయినా వెంటనే బయటపడలేదు. షిమ్యోనును ఉంచుకుని మిగతావాళ్లను పంపేశాడు, చిన్న తమ్ముడు బెన్యామీనును తీసుకొస్తే గాని మొహం చూడనన్నాడు. తెచ్చారు. భోజనంలో బెన్యామీనుకు అయిదు రెట్లు వడ్డించాడు. తర్వాత అతని గోనెలో వెండి గిన్నె పెట్టించి దొంగతనం మోపాడు. వీడొక్కడు నాకు బానిసగా ఉంటాడు, మీరు హాయిగా ఇంటికి పోండి అన్నాడు.

ఇది పగ తీర్చుకోవడమని కొందరంటారు. యోసేపు మనసులో అది బొత్తిగా లేదని నేనూ అనలేను. కానీ అతను అల్లిన పరిస్థితి ఎలా ఉందో చూడండి. యోసేపు తల్లి రాహేలు కన్న కొడుకే, తండ్రికి ముద్దుల కొడుకు. అన్నలకంటే వాడికి ఎక్కువ వడ్డన. వాణ్ణి బానిసత్వానికి వదిలేస్తే వీళ్లు క్షేమంగా ఇల్లు చేరొచ్చు. అచ్చం పాత సంగతే మళ్లీ ముందుకొచ్చింది. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ సంపూర్ణమైన పశ్చాత్తాపానికి ఇచ్చిన నిర్వచనం ఇదే: అదే తప్పు మళ్లీ చేసే వీలు వచ్చి, చేసే శక్తీ ఉండి, చేయకుండా నిలబడటం.

యూదా ముందుకొచ్చాడు. ఆదికాండంలో మనుషులు మాట్లాడిన అతి పొడవైన ప్రసంగాల్లో ఒకటి అతనిది. అందులో వాదన తక్కువ, తండ్రి గురించే ఎక్కువ. నా భార్య నాకు ఇద్దరు కొడుకుల్ని కన్నది అని తండ్రి అన్న మాటను కూడా అలాగే చెప్తాడు. యూదా, యాకోబు ఇంకో భార్య లేయా కొడుకు. తన తల్లి లెక్కలోనే లేనట్టు మాట్లాడిన తండ్రి మాట అది. ఆ పక్షపాతం మీదనే కదా వెనకట ఒక తమ్ముణ్ణి అమ్మింది. ఇప్పుడు అదే పక్షపాతాన్ని మింగి, ఈ పిల్లవాడు లేకుండా వెళ్తే నాన్న చచ్చిపోతాడు, వీడికి బదులు నన్ను బానిసగా ఉంచుకో అన్నాడు. లాభమేముంది అని అడిగినవాడే ఇలా అంటున్నాడు. ఈలోగా అతనికీ ఇద్దరు కొడుకులు పోయారు. కొడుకు పోతే తండ్రి ఎలా ఉంటాడో అతనికి తెలుసు.

అప్పుడు యోసేపు ఆగలేకపోయాడు. అందర్నీ బయటికి పంపేసి, ఫరో ఇంటిదాకా వినిపించేలా ఏడ్చాడు. "నేను యోసేపును. నాన్న ఇంకా బతికే ఉన్నాడా?" అన్నాడు. అన్నలు బెదిరిపోయి సమాధానం చెప్పలేకపోయారు. దగ్గరికి రమ్మన్నాడు. "మీరు ఐగుప్తుకు అమ్మేసిన మీ తమ్ముణ్ణి నేనే" అన్నాడు. "అమ్మేసిన" అన్న మాటను మింగలేదు. ఆ తర్వాతే, మీరు బాధపడకండి, ప్రాణాలు కాపాడటానికి దేవుడే నన్ను ముందుగా పంపాడు అన్నాడు.

ఈ చివరి మాటను మనవాళ్లు చాలా నిర్లక్ష్యంగా వాడతారు. దెబ్బతిన్నవాడి దగ్గరికి వెళ్లి "అంతా దేవుడి చిత్తం, యోసేపులా అనుకో" అంటారు. ఆ మాట అనే హక్కు యోసేపుది. గోతిలో పడ్డవాడు తానుగా అన్నాడు. అన్నలెవరూ, దేవుడే చేయించాడు తమ్ముడూ అనలేదు. అంటే అది దేవుడి పేరు మీద తప్పించుకోవడమయ్యేది.

ఆ సన్నివేశం ఎలా ముగిసిందో తెలుసా? యోసేపు అందర్నీ ముద్దుపెట్టుకుని ఏడ్చాక, ఆ తర్వాత అతని సహోదరులు అతనితో మాట్లాడారు అని ఉంది. అంతే. నాలుగు మాటలు మాట్లాడటం చేతకాని అన్నలతో మొదలైన కథ ఇది. మన తెలుగు క్రైస్తవుల భాషలో సమాధానం అంటే శాంతి, మామూలు తెలుగులో సమాధానం అంటే జవాబు. యోసేపు అన్నలకు ఆ రెండూ ఒకే గంటలో దొరికాయి.

వాకిట్లో ఆగిపోయిన అన్న

యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని ఉపమానంలో తండ్రి పరుగెత్తి, కొడుకు మెడమీద పడి, ముద్దుపెట్టుకుంటాడు. వింటున్న యూదులకు ఆ మూడు క్రియలు ఎక్కడివో తెలిసే ఉంటుంది, అవి ఏశావువి. ఆ కథలో పెద్దకొడుకు తండ్రితో "ఈ నీ కుమారుడు" అంటాడు, తమ్ముడు అనడు. తండ్రి "ఈ నీ తమ్ముడు" అని దిద్దుతాడు. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో చెప్పకుండానే కథ ఆగిపోతుంది. బలవంతంగా చెయ్యిపట్టి లోపలికి లాగలేదు.

మత్తయి 5వ అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా, నీ సహోదరుడికి నీ మీద విరోధమేమైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడు. ఎవరి మీద ఎవరికి విరోధముందో సరిగ్గా చదవండి. ఈ మాట తప్పు చేసినవాడికి. ముందు నడవాల్సింది వాడే, యాకోబులాగా. మన గుడుల్లో ప్రభువు బల్ల ముందు చెప్పే హెచ్చరిక మాత్రం ఎక్కువగా దెబ్బతిన్నవాళ్ల వైపే తిరుగుతుంది, "ఇంకా క్షమించలేదా" అని. డెబ్బది ఏళ్లమారులు, అంటే డెబ్బై ఏడులసార్లు, క్షమించమన్న మాట నిజమే, దాన్ని నేను తగ్గించను. లూకా 17వ అధ్యాయంలో, తప్పు చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు అన్నదీ అదే యేసు. పౌలు రోమీయులకు రాస్తూ, శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు అందరితో సమాధానంగా ఉండండి అన్నాడు. రెండు షరతులు పెట్టి మరీ రాశాడు. ఇంకా కొడుతున్నవాడి ఇంటికి, ఇంకా దోచుకుంటున్నవాడి ఇంటికి తిరిగి వెళ్లమని ఈ వాక్యాలు చూపించి ఎవర్నీ పంపకూడదు.

మళ్లీ యోసేపు దగ్గరికి. యాకోబు ఐగుప్తులో 17 ఏళ్లు బతికి, 147 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. తండ్రిని కనానులో పాతిపెట్టి వచ్చాక అన్నలకు మళ్లీ భయం పట్టుకుంది. ఇప్పుడు నాన్న లేడు, యోసేపు పగ తీర్చుకుంటాడేమో. అంటే 17 ఏళ్లు అతను పెట్టిన అన్నం తింటూ కూడా వాళ్లకు నమ్మకం కుదరలేదు. క్షమించినవాడికి అయిపోయిన సంగతి, క్షమాపణ పొందినవాడికి అయిపోలేదు. నీ అన్నల తప్పు క్షమించమని నాన్న చనిపోయే ముందు చెప్పాడని కబురు పంపారు. యాకోబు అలా అన్నట్టు వాక్యంలో ఎక్కడా లేదు. బహుశా కల్పించారు. కానీ ఆ కబురులో క్షమించమనడానికి వాడిన మాట అదే, నాసా, మా తప్పు మొయ్యి అని. అమ్మేసిన దాదాపు 39 ఏళ్లకు, వాళ్లు మొదటిసారి నోరు తెరిచి ఆ మాట అడిగారు.

యోసేపు ఏడ్చాడు. "క్షమించాను" అనలేదు. "భయపడకండి, నేనేమన్నా దేవుని స్థానంలో ఉన్నానా? మీరు నాకు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుగా తలపెట్టాడు" అన్నాడు. కీడును కీడనే అన్నాడు, అప్పుడు కూడా. మిమ్మల్నీ మీ పిల్లల్నీ నేను పోషిస్తాను అన్నాడు. హీబ్రూలో, వాళ్ల గుండెతో మాట్లాడాడు అని ఉంటుంది.

110 ఏళ్లకు యోసేపు చనిపోబోతూ తన వాళ్లను పిలిచాడు. దేవుడు మిమ్మల్ని ఈ దేశం నుంచి తప్పకుండా తీసుకెళ్తాడు, అప్పుడు నా ఎముకలు ఇక్కడినుంచి తీసుకెళ్లండి అని ఒట్టు వేయించుకున్నాడు. ఐగుప్తుకు తనను అమ్మిన ఇంటివాళ్ల చేతుల్లోనే, ఐగుప్తు నుంచి తనను ఇంటికి చేర్చే పని పెట్టాడు. ఆ ఒట్టు తరాలు దాటింది. మోషే బయల్దేరేటప్పుడు ఆ ఎముకలు వెంట తీసుకెళ్లాడని నిర్గమకాండంలో ఉంది, చివరికి వాటిని షెకెములో పాతిపెట్టారని యెహోషువ గ్రంథం చివర ఉంది. పదిహేడేళ్ల పిల్లాడిగా ఆ షెకెము పొలాల్లోనే దారి తప్పి తిరుగుతుంటే ఎవరో మనిషి ఎదురై, ఏం వెతుకుతున్నావని అడిగాడు. "మా అన్నల్ని వెతుకుతున్నాను" అన్నాడు యోసేపు.